చిన్నమామ్మ ఒప్పుకోలు

తెనాలి,
14-6-1986

నాన్నకు,

కోపంతోనే వందనాలు. నీ కార్డు అందింది. చిన్నమామ్మ పోతే వాళ్ళమ్మ పక్కన, మన రేపల్లె సంఘం సమాధుల్లో చోటివ్వమని అడిగాను. దానికి నువ్వూ సంఘపెద్దలూ కూర్చుని తీర్మానం చేశారా? సినిమాల్లో ఆడి, పాడి పాపం చేశానని ఆమె గుడిలో అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలా? ఒప్పుకుంటేనే సంఘంలో కలుపుకుంటారా? కింద నీ సంతకం కూడానూ. ఆమె నీకు సొంత పిన్ని. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగలేదా?

పాపం ఏంటో చెప్పు. మన గుడిలో చాప మీద కూర్చుని పాడిన గొంతే కదా అది. పదమూడేళ్ళప్పుడు తెనాలి నాటకాలవాళ్ళు విని తీసుకెళ్ళారు. అక్కణ్ణించి మద్రాసు. సారా అన్న పేరు తీసేసి హేమవల్లి అన్నారు. అప్పట్లో వేషం వేసేవాళ్ళే పాడాలి. మెడలోతు నీళ్ళలో నిలబెట్టి, హార్మోనియం అతన్ని పొదల వెనక దాచి, ఒక్క పాట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడించారట. ఆరు సినిమాల్లో కథానాయిక. తర్వాత పాడేవాళ్ళు వేరే వచ్చారు. తన గొంతు తనకుండగానే ఇంకొకరి పాటకు నోరు ఆడించమన్నారు. "పెదాలు అద్దెకిచ్చినట్టుండేదిరా" అని ఒకసారి నాతో అని నవ్వింది. ఆ తర్వాత తల్లి వేషాలు. అవీ పోయాయి. బాపట్లలో ఒక అభిమాని మేడగదిలో పన్నెండేళ్ళు ఉంది. ఆయన పోగానే కొడుకులు ఖాళీ చేయించారు. మీరెవరూ వెళ్ళలేదు. రేకు పెట్టెతో సహా తీసుకొచ్చింది నేను.

ఐదో క్లాసుతో నా బడి మానిపించావు. ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చుకుంటూ చదువు నేర్చుకున్నాను. నా రాతలో మర్యాద లేకపోతే ఆ తప్పు నాది కాదు.

ఇక్కడి సంగతి కూడా విను. ఇంటావిడ సుబ్బాయమ్మగారికి హేమవల్లి అంటే ప్రాణం. హేమవల్లిది పెద్ద కులం, పెద్ద ఇల్లు అని ఎప్పుడో పత్రికలో వేశారు. ఆ నమ్మకం మీదే గది ఇచ్చింది. నన్ను ఆంజనేయులు అని పిలుస్తుంది. నేను పలుకుతాను. చిన్నమామ్మ పొద్దున్నే బొట్టు పెట్టుకుని గాని తలుపు తీయదు. బైబిలు పెట్టె అడుగున ఉంది. నిజం తెలిసిన రోజు మా సామాను వీధిలో ఉంటుంది. అక్కడ మీరు రానివ్వరు, ఇక్కడ కదలడానికి లేదు.

నీ కార్డు ఆమెకు చూపించను. గుండెజబ్బు మనిషిని పదిమంది ముందు తల వంచనివ్వను.

అంద్రెయ


తెనాలి,
20-8-1986

నాన్నా,

నాకు జవాబు రాయవు గానీ పాస్టరుగారి చేత రాయించావు, సెప్టెంబరు మొదటి ఆదివారం ఆమెను తీసుకురమ్మని. ఆ కాగితం ప్రెస్సులోనే చింపేశాను. రేపల్లె నుంచి ఏమైనా వచ్చిందా అని ఆమె రోజూ అడుగుతుంది. రాలేదంటాను. మాకు ఉత్తరాలు ప్రెస్సుకే వస్తాయి కాబట్టి ఆమెకు తెలిసే దారి లేదు.

నిన్న నాటక సమాజం పాండురంగారావుగారు నలుగురిని వెంటబెట్టుకొచ్చి ఒక్క చరణం పాడమన్నారు. ఆమె నోరు తెరిచి, దగ్గి, మంచినీళ్ళు అడిగింది. వాళ్ళు వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుంది. వచ్చే నెల సన్మానమట. అందులో పంచడానికి ఆమె జీవితం మీద వేసే పుస్తకం అచ్చుకి మా ప్రెస్సుకే వచ్చింది. 'పసితనంలోనే తల్లిని కోల్పోయి' అన్న ముక్క నా చేత్తోనే పేర్చాను. వాళ్ళమ్మ, మన పుల్లమ్మ ముత్తవ్వ డెబ్బై ఏళ్ళు బతికింది కదా. ప్రూఫు చూపిస్తే చిన్నమామ్మ ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తీసెయ్యనా అన్నాను.

"తీస్తే, మీ అమ్మ ఎవరని సుబ్బాయమ్మ అడగదూ?" అంది. "ఎక్కడున్నా ఎవరింట్లోనో దాక్కున్నట్టే ఉందిరా అంద్రెయా. గట్టిగా ఊపిరి తీయాలన్నా భయమే" అంది.

ఇదంతా మీ పెద్దల పుణ్యం. ఆమె రాదు. నేను రానివ్వను. ఆదివారం ఎదురుచూడకండి.

అంద్రెయ


తెనాలి,
10-9-1986

నాన్నా,

జరిగింది నీకు తెలుసు. నువ్వు ముందు వరసలోనే ఉన్నావు. అయినా నేను చూసింది రాయాలి.

మన వీధి మత్తయి చేత నువ్వు ఆమెకే కబురు పెట్టావని నాకు తెలీదు. ఆదివారం టిఫిన్ పట్టుకొచ్చేసరికి గదికి తాళం. "మామ్మగారు బొట్టు లేకుండా బయల్దేరారయ్యా, ఎవరైనా పోయారా?" అని సుబ్బాయమ్మగారు అడిగింది. తర్వాతి రైలుకి వచ్చాను. నేను చేరేసరికి ప్రసంగం అయిపోయింది. గుడి గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కుపోదామనే వచ్చాను.

అప్పుడే ఆమె లేచింది. చేతులు కట్టుకుంది. ఎక్కడా తడబడలేదు.

"మా అమ్మ నన్ను చూడ్డానికి మద్రాసు వచ్చిందండి. చేతిలో ఎండుచేపల మూట. ఇంట్లో పత్రికలవాళ్ళున్నారు. ఎవరీవిడ అన్నారు. పాత పనిమనిషి అని చెప్పాను. అమ్మ కాదనలేదు. వంటింట్లోకెళ్ళి వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మళ్ళీ రాలేదు. నా పాపం అదండి. ఆమె పక్కన పడుకోవాలంటే ముందు మీకు చెప్పాలి కదా."

పాస్టరుగారు సినిమాల సంగతి గుర్తు చేశారు.

"అది నా పనండి. పాపమని ఎట్లా చెప్పను? గుడిలో అబద్ధమవుద్ది."

నువ్వు లేచావు. కసురుతావనుకుని లోపలికి అడుగు వేశాను. "చాలండి. మా అమ్మమ్మ తరఫున నేను విన్నాను. పిన్నిని కూర్చోనివ్వండి" అన్నావు. నేను వెనక్కి తిరిగి స్టేషనుకు వెళ్ళిపోయాను. నువ్వు నన్ను చూశావని తెలుసు.

ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమెకు చెప్పుకునేది ఒకటుందని మూడు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. సుబ్బాయమ్మకు తెలియకూడదని ఆమె నోరు మూసుకుంది. మీ ఉత్తరాలు ఆమెకు చేరనివ్వకుండా ఆ నోరు నేనూ మూశాను.

అయితే నేను పారిపోయింది అందుక్కాదు. పోయిన మార్చిలో నువ్వు బియ్యం సంచి భుజాన వేసుకుని మా గదికొచ్చావు. ఎవరని సుబ్బాయమ్మగారు అడిగితే, సంచి మోసుకొచ్చిన మనిషండి అన్నాను. నువ్వు మెట్ల మీదే ఉన్నావు. సంచి గడప దగ్గర దించి, "వస్తానమ్మా" అని ఆవిడకే చెప్పి వెళ్ళావు. నాకు చెప్పలేదు. ఆ తర్వాత నీ కార్డు వచ్చినప్పుడు, ఆ కసి తీర్చుకుంటున్నావనుకుని నిన్ను ఇంకా గట్టిగా తిట్టాను. తిడుతుంటే ఆ రోజు మర్చిపోవచ్చనిపించింది.

నిన్న సుబ్బాయమ్మగారికి నా పేరు చెప్పాను. నీ పేరు కూడా. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "బిందెలు కడుక్కోవాలి, తప్పుకో" అంది. సాయంత్రానికి సామాను వీధి అరుగు మీద ఉంది. ప్రెస్సులో ఒక మూల పెట్టుకున్నాను. సన్మానం సంగతి పాండురంగారావుగారు ఇంక ఎత్తడం లేదు. అక్కడే ఆగిపోయిన చిన్నమామ్మను ఇంక మీ దగ్గరే ఉండనీ.

ఈ ఆదివారం వస్తాను. ఆమెలాగా సంఘం ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. మన గుమ్మంలో నీకు చెబుతాను. కొట్టాలనిపిస్తే కొట్టు. వీధిలోవాళ్ళు ఎవరతను అని అడిగితే మాత్రం, నా కొడుకని చెప్పు.

నీ కొడుకు
అంద్రెయ