వాసన పోయేదాకా

జనవరి 31, శుక్రవారం

గజేందర్‌తో మళ్ళీ బార్‌కి వెళ్ళాను. అక్టోబరు తర్వాత ఇదే మొదటిసారి.

మార్చి 8న అతని ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాడు. పద్నాలుగేళ్ళ ఖతార్ అయిపోయింది. జగిత్యాల దగ్గర ఊరు, రెండెకరాలు, భార్య స్వర్ణ. మార్చి మొదటికి రంజాన్ వస్తుంది, బార్లన్నీ మూసేస్తారు. ఆలోపల మన జాగలన్నీ ఒక్కొక్కసారి చూసొద్దాం సార్ అన్నాడు. సరే అన్నాను. నా కారణం వేరు.

ఇవాళ పాత ఎయిర్‌పోర్ట్ వైపు హోటల్. రిసెప్షన్ పక్కనుంచి వెనక్కి వెళ్ళాలి. తలుపు దగ్గర కెన్యా సెక్యూరిటీ అతను ఐడీ కార్డులు స్కాన్ చేశాడు. లోపల అదే కార్పెట్, అదే తడి వాసన, ఒక కాలి కింద అట్టముక్క పెట్టిన పూల్ టేబుల్. గొప్ప చోటేమీ కాదు. అందుకే మాకు నచ్చేది. నేను క్వాంటిటీ సర్వేయర్‌ని, అతను ఫోర్‌మన్. సైట్‌లో అతనికి నేను సార్. ఇక్కడా సారే, కానీ పల్లీల గిన్నె అడగకుండా తన వైపు లాక్కుంటాడు.

ఈ వారం డ్రైవింగ్ అతనిది. అంటే తాగేది నేను. కారు నాదే, స్టీరింగ్ మాత్రం వారానికొకరి చేతిలో. తాగనివాడికి సోడా. ఈ దేశంలో తాగి బండి నడిపితే పోయేది లైసెన్సు ఒక్కటే కాదు.

రెండు బీర్లు తాగాను. రుచి తెలియలేదు. అతను వెళ్ళాక కొనబోయే మూడు బర్రెల గురించి గంటసేపు చెప్పాడు. ముర్రా జాతివట.

నాకు కావలసింది చెప్పలేదు.


ఫిబ్రవరి 1

ఎందుకు వెళ్ళానో రాసుకోవాలి. లేకపోతే ఇక్కడ కూడా దాచినట్టవుతుంది.

పోయిన సోమవారం పుణె నుంచి మా అమ్మాయి అపూర్వ ఫోన్ చేసి అమ్మ ఫోన్‌లో ఉన్న ఫొటోలు పంపమంది. మూడున్నర నెలల తర్వాత ప్రతిమ ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాను. అమ్మాయికి ఫొటోలు పంపాక కాల్ లిస్ట్ చూశాను. అక్టోబరు 11, శుక్రవారం. ఆమె చేసిన చివరి కాల్ సాయంత్రం 5.18కి. గజేందర్‌కి. నాలుగు నిమిషాలు.

అప్పుడు మేమిద్దరం బార్లో ఉన్నాం. డ్రైవింగ్ అతనిది. ఆ వారం ఎవరు డ్రైవ్ చేస్తుంటే వాళ్ళకే ప్రతిమ ఫోన్ చేసేది. నోట్లో బీరున్న మొగుడితో ఫోన్లో మాట్లాడను అనేది. ఆ మాటకి నేనూ గజేందర్ నవ్వుకునేవాళ్ళం.

మేము ఇల్లు చేరింది 6.50కి. వంటింటి గుమ్మంలో పడి ఉంది. అంబులెన్స్ వచ్చింది. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి చెప్పాడు. గుండె అన్నాడు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే అని, మిగతాది అనకుండా ఆపేశాడు.

గజేందర్ నాతో పాటు ప్రతి ఆఫీసూ తిరిగాడు. పెట్టెతో పాటు కాకినాడ దాకా వచ్చాడు. పాడె మోశాడు. ఆ నాలుగు నిమిషాల గురించి ఒక్క మాట అనలేదు.

నేను అడగను. అతనే చెప్పాలి. మార్చి 8 లోపల.


ఫిబ్రవరి 4

సైట్ ఆఫీసుకి గజేందర్ టీ పంపాడు. పారబోశాను.


ఫిబ్రవరి 7, శుక్రవారం

ఉమ్ ఘువైలినా. మా ఇంటికి రెండు సందుల అవతలి హోటల్. ఈ వారం సోడా నాది.

ఇక్కడికి ప్రతిమ ఒకసారి వచ్చింది. మీరు ప్రతి శుక్రవారం ఏ స్వర్గానికి పోతున్నారో చూస్తానని. లైమ్ సోడా తాగింది. చుట్టూ చూసి, కాకినాడ బస్టాండ్ క్యాంటీన్‌కి ఏసీ పెట్టి లైట్లు తీసేసినట్టుంది, దీనికోసమా అంది. అప్పటినుంచి గజేందర్ దీన్ని బస్టాండే అంటాడు. బస్టాండ్‌కి పోదామా సార్ అని ఫోన్ చేస్తాడు.

కౌంటర్ వెనక శ్రీలంక అతను నన్ను గుర్తుపట్టాడు. చాలా రోజులైంది, ఇండియా వెళ్ళారా అన్నాడు. అవునన్నాను. వెళ్ళాను కదా.

మూడో బీరుకి గజేందర్ కళ్ళు తుడుచుకున్నాడు. వదినమ్మ లెక్క గోంగూర ఎవ్వలూ చెయ్యరు సార్, మా స్వర్ణకు నేర్పిద్దామనుకున్న అన్నాడు. నేను టీవీలో క్రికెట్ చూశాను. అది పాత మ్యాచ్.

ఆ ఏడుపు మీద నాకు ఒళ్ళు మండింది. చెప్పాల్సింది కడుపులో పెట్టుకుని కన్నీళ్ళు మాత్రం బయటపెడతాడా? ఏడవాలంటే ముందు చెప్పాలి. ఇంటి దాకా దింపాను. జాగ్రత్త సార్ అన్నాడు. బండి కదిలించాను.


ఫిబ్రవరి 11

ఆ సాయంత్రం గుర్తు చేసుకుంటున్నాను. మొదటిసారి వరుసగా.

5.18కి గజేందర్ ఫోన్ పట్టుకుని బయటకి వెళ్ళాడు. స్వర్ణ అనుకున్నాను. తిరిగొచ్చి, చాలు సార్ లేవండి అన్నాడు. కానీ ఇంటికి తీసుకెళ్ళలేదు. సముద్రం ఒడ్డున, కార్నిష్‌లో ఆపాడు. గాలి బాగుంది నడుద్దాం అన్నాడు. లబన్ బాటిల్ కొనిచ్చాడు. మజ్జిగే కదా తాగండి అన్నాడు. ఇంకొకటి కూడా ఇచ్చాడు. సోంపు నమలమన్నాడు. అటూ ఇటూ నడిపించాడు. నాకు హాయిగా ఉంది. పడవల లైట్లు చూసి ఏదో పాట కూడా పాడాను.

పాడాను.


ఫిబ్రవరి 14, శుక్రవారం

మూడో చోటు. తలుపు దగ్గర ఎర్ర బెలూన్లు. సెక్యూరిటీ అమ్మాయి మా ఐడీలు తీసుకోలేదు. ఇవాళ కపుల్స్ ఓన్లీ అంది. గజేందర్ ఆ అమ్మాయికి హిందీలో, మాది పద్నాలుగేళ్ళ జోడీ మేడమ్, ఇంతకన్న పాత జంట లోపల ఉంటే చూపెట్టు అన్నాడు. ఆమె నవ్వింది. లోపలికి మాత్రం పంపలేదు.

అబూ హమూర్ వెళ్ళి కారులోనే కరక్ చాయ్ తాగాం. గజేందర్ కప్పు డాష్‌బోర్డు మీద పెట్టి చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు. సార్, మీకొకటి చెప్పాలె అన్నాడు. నేను ఏసీ ఆపేశాను. నేను పోయినంక నా ఫోర్‌మన్ పోస్టుకి మన సైట్ మల్లన్న పేరు రాసిండ్రు, మీరొక మాట చెప్తే అయితది అన్నాడు.

చెప్తానన్నాను. చాయ్ కిటికీలోంచి పోశాను. చక్కెర ఎక్కువైంది సార్ అని అతనే సర్దుకున్నాడు. అంత మంచితనం నేను భరించలేను.


ఫిబ్రవరి 21, శుక్రవారం, సాయంత్రం 7

ఇవాళ చివరి చోటు. ఆ రోజు కూర్చున్న బార్. ఇది వద్దు సార్ అన్నాడు. ఇదే అన్నాను.

డ్రైవింగ్ నాది. అతను నాలుగు తాగాడు. నేను లెక్కపెట్టాను. బర్రెల ఊసు కూడా లేదు. ఐదున్నరకి లేపాను. కార్నిష్‌లో సరిగ్గా అక్కడే ఆపాను. లబన్ కొని చేతిలో పెట్టాను. తాగు, వాసన పోవాలి అన్నాను.

బాటిల్ వైపు చూశాడు. నా వైపు చూడలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని చెప్పాడు.

వదినమ్మ ఛాతిల మంట అన్నది సార్, ఎడమ చెయ్యి గుంజుతున్నది అన్నది. ఇప్పుడే వస్తున్నం అన్న. సార్ ఎన్ని తాగిండు అని అడిగింది. నాలుగు అన్న. అయితే ఇప్పుడు తీసుకురావద్దు అన్నది. నేను అంబులెన్స్ పిలుస్త అన్న. వద్దు, వాళ్ళు వస్తే వెనక పోలీసులు వస్తరు, మూడో ఫ్లోరాయనకు అయినట్టు ఈయనకు అయితది, వచ్చే నెల కాంట్రాక్ట్ రెన్యువల్ ఉన్నది అన్నది. గ్యాసే అయుంటది, మాత్ర వేసుకుంట, వాసన పోయేదాకా తిప్పి తీసుకురా అన్నది. నేను ఫోన్ చేసినట్టు చెప్పకు అని నా పిల్లల మీద ఒట్టు పెట్టించుకున్నది.

మూడో ఫ్లోరాయన తాగి లిఫ్ట్‌లో ఎవరితోనో గొడవపడ్డాడు. ఉద్యోగం పోయి వెళ్ళిపోయాడు. ప్రతిమ ఆ కథ నాకు పదిసార్లు చెప్పింది. పదిసార్లూ నవ్వేశాను.

నేనడిగాను. సైట్‌లో ఎవడైనా కళ్ళు తిరిగి పడితే రెండు నిమిషాల్లో అంబులెన్స్ పిలుస్తావు. రెండువందల మందిని చూసుకుంటావు. ఆమెకి ఎందుకు పిలవలేదు?

సైట్‌ల రూల్ ఉంటది సార్, ఇంట్ల వదినమ్మ చెప్పిందే రూల్ అన్నాడు.

తర్వాతైనా ఎందుకు చెప్పలేదన్నాను. చెప్తే మీరు మీ మీదేసుకుంటరు, చెప్పకుంటే నా మీద కోపమే కద, అది ఎన్నాళ్ళైనా మోస్త అన్నాడు.

అక్కడే వదిలేసి వచ్చాను. టాక్సీలో పోతాడు.


ఫిబ్రవరి 22, ఉదయం 6

అతను అంబులెన్స్ పిలవాల్సింది. ఒట్టు, రూల్, వదినమ్మ. చదువు లేని మాటలు.

చదువుకున్నది ఆమె. బీయస్సీ. ఎడమ చెయ్యి గుంజుతోందంటే ఏమిటో తెలుసు. నా గురించి పోలీసుల భయం పెట్టుకుని మాత్ర వేసుకుని కూర్చుంది. నా ఉద్యోగం! ఎవరడిగారు ఆ ఉద్యోగం? నాలుగు నెలలుగా ఆమె మీద ఒక్క కఠినమైన మాట రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. మూర్ఖత్వం ప్రతిమా.

నాలుగు బీర్లు. ఆమె ఎన్ని అని అడిగింది. ఒకటి అని ఉంటే రమ్మనేదేమో.

తాగింది గజేందర్ కాదు.


ఫిబ్రవరి 26

గజేందర్ ఫోన్లు పదకొండు. ఎత్తలేదు. మల్లన్న కోసం మేనేజర్‌తో మాట్లాడాను.


మార్చి 2

రంజాన్ రెండో రోజు. ఆఫీసు రెండింటికే అయిపోతోంది. ఇంటికి వచ్చి ఏం చేయాలో తెలియదు. వంటింట్లోకి వెళ్ళడానికి ఆ గుమ్మం దాటాలి. బిస్కెట్లు తిన్నాను.


మార్చి 6

గజేందర్ మెసేజ్. ఎయిర్‌పోర్ట్‌కి టాక్సీ మాట్లాడుకున్న సార్, మీకు తకలీఫ్ వద్దు, ఆరోగ్యం చూస్కోండ్రి అని.

నాకు తకలీఫ్ వద్దట. అందరూ నాకు తకలీఫ్ లేకుండా చూసినవాళ్ళే. ఆమె చూసింది. ఇతను చూశాడు. నేను కార్నిష్‌లో పాట పాడుకున్నాను.

టాక్సీ వద్దని జవాబు రాశాను. ఒక్క ముక్క.


మార్చి 8, శనివారం

ఎయిర్‌పోర్ట్‌కి నేనే తీసుకెళ్ళాను. దిగాక ట్రాలీ పక్కన నిలబెట్టి తిట్టాను. ముప్పై ఏళ్ళుగా నా నోట రాని మాటలు. జనం ఆగి చూశారు. రంజాన్ భాయ్, తిట్లొద్దు అన్నారు ఎవరో. గజేందర్ తల వంచుకుని అన్నీ విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఇంకున్నయా సార్ అన్నాడు. ఉన్నాయన్నాను. చెకిన్ మూసేస్తుంటే వెళ్ళాడు.

ఏప్రిల్ 18కి హైదరాబాద్ టికెట్ తీశాను. అక్కడినుంచి జగిత్యాల బస్సు. మిగతావి బర్రెల ముందు తిడతాను.