లేని ఎంపీకి రాసిన అర్జీలు

నాయనా,

ఇవాళ నా మొదటి ఎంపీ ఓటు. చర్ల బడిలో పోలింగ్‌కు టెంట్ వేసే కూలికి పోయి, గోడ మీది కాగితం చదివాను. మన సీటు మహబూబాబాద్ అని ఉంది.

"సార్, భద్రాచలం ఎంపీ సీటు ఏంది, కనబడ్తలేదు?" అని పోలింగ్ సారును అడిగాను.

"అది ఎప్పుడో పోయింది తమ్మీ. ఆ పేరు ఇప్పుడు ఎమ్మెల్యే సీటుకే," అని ఆ సారు నవ్వాడు.

మన ఊరికి రోడ్డు కోసం నువ్వు చెప్తుంటే నేను రాసిన అర్జీలన్నీ 'భద్రాచలం ఎంపీ గారికి' అనే కదా! వాటితోనే నేను రాయడం నేర్చుకున్నాను. నిన్ను మంచం మీద దవాఖానాకు మోసుకుపోతుంటే కూడా "అర్జీ ముట్టే ఉంటది బిడ్డా, రోడ్డొస్తది" అన్నావు. దారిలోనే పోయావు.

తప్పు పేరని ఒక్కడూ చెప్పలేదు. మన అర్జీలకు దారి దొరకలేదు సరే, ఓట్లడిగే జీపులు ప్రతిసారీ మన గుడిసె దాకా ఎట్లా వచ్చాయి నాయనా?