పళ్ళ సెట్

మార్చి 3
అత్తయ్యగారి నోటి అచ్చు ఇవాళ నా బల్ల మీదికొచ్చింది. క్లినిక్ డాక్టరు పంపాడు. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో రోజూ ఎవరెవరి నోళ్ళో చూస్తుంటాను. ఇంట్లో మనిషిది చూడటం ఇదే మొదటిసారి.

అత్తయ్యగారంటే మా ఆయన తల్లి కాదు. ఆయన మొదటి భార్య తల్లి. కూతురు పోయాక కూడా అల్లుడి దగ్గరే ఉండిపోయారు. తర్వాత నేనొచ్చాను. ఏ వరసా అందక, ఈయన పిలిచినట్టే పిలుస్తున్నాను.

ఇప్పుడు వెళ్ళిపోతానంటున్నారు. పాత కొలీగ్ ఉండే వృద్ధుల హోమ్‌లో గది చూసుకున్నారట. పళ్ళ సెట్ చేతికి రాగానే ప్రయాణమట. కొత్త చోట బోసినోటితో దిగడం నామోషీ అట.

ఆ సెట్ చేయాల్సింది నేను.

మార్చి 5
అచ్చులో పోసిన ప్లాస్టర్ సెట్టయిందని ఇంట్లో అన్నానో లేదో, అత్తయ్యగారిలోని రిటైరైన ఇంగ్లీషు టీచరు లేచి కూర్చున్నారు. ఉల్లిపాయలు తరుగుతూ ఒకటే క్లాసు. పాఠమంతా బోసినోటితోనే కాబట్టి సకారాలన్నీ గాలికి పోయాయి.

ప్లాస్టర్ గట్టిపడినా సెట్టే, పొద్దు కుంకినా సెట్టే. టీవీ సెట్, కప్పుల సెట్. చూడటానికి ఒకటే మాట, నిజానికి రెండట. ఒకటి ఇంగ్లీషు ఇంట్లోనే పుట్టింది. కూర్చోబెట్టడం అని అర్థం, సిట్‌కి దగ్గర చుట్టం. రెండోది లాటిన్ పిల్ల, ఫ్రెంచి వాళ్ళింట పెరిగి వచ్చింది. ఒకరి వెంట నడిచే జనం అని దాని పాత అర్థం. రెండూ ఒకే చూరు కింద కాపురముండి, ఏది ఎవరింటి పిల్లో పోల్చుకోలేనంతగా కలిసిపోయాయట.

మరి మీరెందుకు వెళ్ళడం అని నోటిదాకా వచ్చింది. నెపం ఉల్లిపాయల మీదికి నెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

మార్చి 9
మైనంలో పళ్ళు పేర్చాను. ముత్యాల వరస. నాకే ముచ్చటేసింది.

మార్చి 10, సాయంత్రం
క్లినిక్‌లో ట్రయల్. అత్తయ్యగారు అద్దంలో చూసుకుని, ఇవెవరో పెళ్ళికూతురివి, నావి కావన్నారు. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. నాకు మాత్రం హాయిగా ఉంది. మళ్ళీ చేయాలి. ఇంకొన్నాళ్ళు ఉంటారు.

మార్చి 12
అత్తయ్యగారి సొంత పళ్ళెలా ఉండేవో చూద్దామని పాత ఫొటోలు అడిగాను. ఒక్కదాంట్లోనూ పెదవి విప్పలేదు. పళ్ళు కనబడితే బడిపిల్లలు నెత్తికెక్కుతారని అలా బిగించేవారట.

అప్పుడు ఈయన బీరువాలో చొక్కాల అడుగునుంచి ఒక ఫొటో తీసి నా చేతిలో పెట్టారు. తల్లీకూతుళ్ళవి అచ్చం ఒకే పళ్ళు అన్నారు. బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

మార్చి 13
ఫొటోని బల్లకి ఎదురుగా ఆనించుకున్నాను. కిటికీ పక్కన ఆమె పగలబడి నవ్వుతోంది. పై వరసలో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఒరిగింది.

ఫొటోని బోర్లించి, మళ్ళీ నిలబెట్టాను. ఈర్ష్యే. ఇంకేం పేరు పెట్టను?

మధ్యాహ్నానికి పన్నొక్కటే కనబడింది. ఎంత ఒరిగింది, ఎటు తిరిగింది. కత్తి వెచ్చచేయడం, మైనం కరిగించడం, పన్ను జరపడం, మళ్ళీ ఫొటో చూడటం. సాయంత్రానికి నాకూ నవ్వొచ్చేసింది. ఆమె దేనికి నవ్వుతోందో తెలీకుండానే. మంచి మనిషిలా ఉంది.

మార్చి 14
రెండో ట్రయల్. అద్దం ఇస్తే అక్కర్లేదన్నారు. నమలడానికి పనికొస్తే చాలు తల్లీ, కానివ్వు అన్నారు. అంత తొందర.

మార్చి 17
సెట్ పూర్తయింది. డ్రాయర్‌లో పెట్టి, పాలిష్ ఇంకా రాలేదని డాక్టరుకి చెప్పాను. నిగనిగలాడుతోంది.

మార్చి 19
డాక్టరు కేకలేశాడు. ఇచ్చేశాను.

ఈయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ కొత్త పళ్ళతో టీవీ చూస్తూ పకపకా నవ్వుతున్నారు. ఈయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నారు. చాలాసేపు.

ఆవిడ లేచి అద్దం దగ్గరికెళ్ళారు. ఒరిగిన పంటిని వేలితో తడిమారు. దీన్నెక్కడ చూశావని అడిగారు. ఫొటో తెచ్చిచ్చాను. ఇది ఎదురుగా పెట్టుకుని పనిచేయడం కష్టమనిపించలేదా అన్నారు. మొదట అనిపించింది, తర్వాత మీ అమ్మాయి నాకు నచ్చింది అని చెప్పాను.

నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ప్రయాణమెప్పుడని అడిగే ధైర్యం నాకు లేదు.

మార్చి 20
ఎడమ పక్క ఒరుసుకుంటోందట. కాస్త అరగదీశాను.

మార్చి 22
ఇవాళ కుడి పక్కట. టార్చి వేసి చూశాను. చిగురు ఎర్రగా కూడా లేదు. ఉత్తుత్తినే మిషన్ తిప్పి ఇచ్చాను. ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉందన్నారు.

మార్చి 25
మళ్ళీ ఎడమ పక్కట. ఫోన్‌లో కొలీగ్‌తో చెబుతుంటే విన్నాను. ఈ సెట్‌ని రోజూ చూసే మనిషి పక్కనుండాలట, ఆ గది ఇంకెవరికైనా ఇప్పించమన్నారు. అబద్ధాలాడటం నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నానో, ఆవిడ నా దగ్గర నేర్చుకున్నారో. ఎగిరి గంతేయాలనిపించింది.

మార్చి 26, ఉదయం
వంటింటి గట్టు మీద గిన్నె. రాత్రి తీసి పెట్టిన సెట్. ఒరిగిన పన్ను నీళ్ళలోంచి నవ్వుతోంది.

గుడ్ మార్నింగ్ అక్కా, అన్నాను.