గడియ

మార్చి 3, సోమవారం

బాత్‌రూమ్ తలుపుకు గడియ లేదు. స్క్రూలు ఊడదీసిన నాలుగు కన్నాలు మిగిలాయి. నవంబరులో మా ఆవిడ పోయింది. జనవరిలో నేను ఆ గదిలో గడియ పెట్టుకుని మాత్రలు మింగాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి గడియ తీయించేసింది. ఇప్పుడు నేను స్నానానికి వెళ్తే భోజనాల బల్ల దగ్గర ఆవిడ కూర్చునే కుర్చీ తెచ్చుకుని బయట కూర్చుంటుంది. నాన్నా, ఉన్నావా అంటుంది. ఉన్నానంటాను.

మార్చి 5, బుధవారం

ఆస్పత్రి నర్సు వారానికోసారి వస్తుంది. ఈ రోజు ఎలా ఉందని అడగలేదు, ఏం కావాలని అడిగింది. గడియ కావాలన్నాను.

అమ్మాయి మొహం పాలిపోయింది. మాట్లాడటానికేం సిస్టర్, ఆ రోజు తలుపు బద్దలుకొట్టించింది మీరు కాదుగా అంది. నర్సు నొచ్చుకోలేదు. గడియ పెడితే రిస్కే, ఎప్పటికీ పెట్టకపోయినా రిస్కే అంది. ముగ్గురం కూర్చుని ప్లాన్ రాశాం. మాత్రలు అమ్మాయి బీరువాలోనే. గడియ, బయటి నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే రకం. పది నిమిషాలకు అమ్మాయి రెండుసార్లు తడుతుంది, నేనూ రెండుసార్లు తట్టాలి. ముగ్గురం సంతకాలు పెట్టాం. అమ్మాయి అందరికంటే చివర పెట్టింది.

మార్చి 8, శనివారం

బావమరిది వచ్చి గడియ బిగించాడు. ఇంత బందోబస్తు దేనికి బావా, లోపల ఉన్నది అరిగిపోయిన సబ్బుముక్కేగా అన్నాడు. అని నాలుక్కరుచుకున్నాడు. నేను నవ్వాను. వాడూ నవ్వాడు. నవ్వితే అచ్చం వాళ్ల అక్కే.

మార్చి 9, ఆదివారం. ఉదయం 9

చెడగొట్టాను. పంపు తిప్పి ఉంచాను, అమ్మాయి తట్టింది వినబడలేదు. నాణెంతో తిప్పి వచ్చేసింది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఏడుస్తున్నాను. వాళ్లమ్మ పోయాక ఇదే మొదటిసారి.

పంపు కట్టేసింది. ఇందుకా నాన్నా గడియ, మా ముందు ఏడిస్తే ఎవరొద్దన్నారు అంది. నీ ముందు ఏడిస్తే నువ్వూ ఏడుస్తావమ్మా, అప్పుడు నేను ఆపాల్సి వస్తుంది అన్నాను.

చాలాసేపు తడి నేల మీదే కూర్చుంది.

ఉదయం 11

అమ్మాయి నర్సుకు ఫోన్ చేసింది. నర్సు గడియ తీసేయమంటుందనుకున్నాను. తీసేయాలా ఉంచాలా మీ ఇద్దరూ చెప్పండి అందట. అమ్మాయి ఫోన్ పట్టుకుని నా వైపు చూసింది. ఉంచుదాం సిస్టర్ అంది.

మార్చి 12, బుధవారం

నర్సు ప్లాన్‌లో ఇంకో లైను చేర్చింది. ఏడవండి సార్, పంపు మాత్రం కట్టేసి ఏడవండి అంది. మళ్లీ సంతకాలు. ఈసారి అమ్మాయిదే ముందు.

మార్చి 14, శుక్రవారం

గడియ పెట్టుకున్నాను. పదో నిమిషానికి తట్టింది. తట్టాను. అడుగులు వంటింటి వైపు వెళ్లాయి.

ఇంకాసేపు ఉండి బయటికి వచ్చాను. తలుపు దగ్గర కుర్చీ లేదు. బల్ల దగ్గర, ఆవిడ చోట్లో ఉంది.