అభ్యంతరం ఒకటి

జూన్ 3
కొత్త సిలబస్ కమిటీలో మొదటి రోజు. దేశంలో బడులన్నిటికీ ఒకే పాఠ్యప్రణాళిక, అందులో అదనపు అవసరాలున్న పిల్లలకు కూడా చోటు. లెక్కల టీచర్ల తరఫున నన్ను వేశారు. పదకొండు మంది, నాలుగు గంటలు, రెండు రౌండ్ల టీ. ఆ పిల్లల్ని ఏమని పిలవాలో మాత్రం తేలలేదు. భాషా పండితుడు ఆరు పేర్లు రాసుకొచ్చాడు. ఒక్కదానికీ నోరు తిరగదు.

మీటింగ్ మూడో అంతస్తులో. లిఫ్ట్ పాడు. వీల్‌చైర్‌లో వచ్చిన ఇంకో సభ్యుడు, లాయరు, కింద వాచ్‌మన్ గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడాడు. ఛైర్మన్ గారు దీన్ని హైబ్రిడ్ మీటింగ్ అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వును దగ్గుగా మార్చి బయటపడ్డాను.

చివర్లో సెక్షన్ ఆఫీసర్ రూల్స్ చదివాడు. మీటింగ్‌లో తీసుకున్న నిర్ణయాలు కవర్లో పెట్టి మా ఇళ్ళకు పంపుతారట. కవర్ అందిన పది రోజుల్లో ఇద్దరు సభ్యులు అభ్యంతరం రాస్తే ఆ అంశం మళ్ళీ చర్చకొస్తుంది. రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. వీళ్ళ నిర్ణయాలు ఇంటికి తెప్పించుకుని మరీ చదవాలన్నమాట.

జూన్ 4
పేరు ఇంకా పెట్టలేదు.

జూన్ 19
అక్క కూతురు మళ్ళీ వాళ్ళ నాన్నతో వాదన పెట్టుకుంది. తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు, నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. కాలేజీలో లెక్కలే తీసుకుంటుందట. జామెట్రీ వదిలెయ్, పాస్ మార్కులు వేస్తాం అని బళ్ళో సారు అన్నాడట. బావ కూడా అదే పాట. అది వినిపించుకోకుండా రబ్బరు షీటు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టి, వేళ్ళతో తడుముతూ త్రిభుజాల లెక్క చేస్తూనే ఉంది. నా క్లాసులో రెండు కళ్ళూ ఉన్న నలభై మందిలో ముప్పై మందికి ఆ లెక్క రాదు.

ఉబ్బెత్తు గీతలతో బొమ్మలు వేసిన పుస్తకం ఉంటే ఈ సూదుల బాధ ఉండదు. ఆ పుస్తకం వచ్చేలా చూస్తానని మాటిచ్చాను. కమిటీలో నేనున్నాను కదా.

జూలై 8
ఉబ్బెత్తు బొమ్మల పుస్తకం కావాలని మీటింగ్‌లో నా నోట్ చదివాను. మూడు పేజీలు. సూదులు గుచ్చుకుని అక్క కూతురి వేళ్ళకు ఎన్నిసార్లు నెత్తురొచ్చిందో కూడా రాశాను. ఈ మొద్దు బుర్రలకు అలా చెబితే తప్ప ఎక్కదు. భాషా పండితుడు, చూడలేనివాళ్ళకు త్రిభుజం అంటే ఎలా తెలుస్తుందని అడిగాడు. మీకు వ్యాకరణం కనిపిస్తుందా అని అడిగాను. ఛైర్మన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కింద నుంచి లాయరు కూడా ఫోన్లో కొట్టాడు.

పని అయిపోయింది. వీళ్ళను ఒప్పించడం ఇంత సులువా!

జూలై 15
మీటింగ్‌కు వెళ్ళలేదు. తలనొప్పి అని మెసేజ్ పెట్టి హాయిగా పడుకున్నాను. ఇవాళ వాళ్ళు పుస్తకాల అట్ట రంగు గురించి కొట్టుకుని ఉంటారు.

జూలై 22
కవర్ వచ్చింది. దళసరిగా ఉంది. సొరుగులో పడేశాను.

జూలై 29, సాయంత్రం 6
లాయరు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎత్తితే చట్టం మొత్తం సెక్షన్ల వారీగా అప్పజెబుతాడు, అరగంట పోతుంది. మనిషి మంచివాడే. మంచివాళ్ళతోనే టైమ్ ఎక్కువ వేస్టవుతుంది.

ఆగస్టు 6
ఇంకో కవర్. అదీ సొరుగులోకే.

సెప్టెంబర్ 9
సిలబస్ అచ్చయి వచ్చింది. అరవై ఒకటో పేజీ. చూపు లేని విద్యార్థులకు జ్యామితి, గ్రాఫులు పూర్తిగా మినహాయింపు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క: మినహాయింపు పొందినవారు పై తరగతుల్లో గణితం ఎంచుకోరాదు. వద్దనుకునే వీలు కూడా లేదు, చూపు లేకపోతే మినహాయింపే.

ఒళ్ళు మండిపోయింది. ఆటో ఎక్కి ఆఫీసుకు వెళ్ళి ఛైర్మన్ గారి బల్ల మీద పుస్తకం పడేశాను. ఆయనకు కోపం రాలేదు. కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించారు.

"మీ నోట్ విన్నాకే కదమ్మా ఈ నిర్ణయం తీసుకున్నాం. ఆ పిల్ల వేళ్ళ నెత్తురు సంగతి విని మా ఆవిడ అన్నం కూడా తినలేదు. ఇంక ఏ పిల్లకూ ఆ కష్టం వద్దని మొత్తం తీసేశాం."

నా మాట ఎవరూ అడగలేదన్నాను. సెక్షన్ ఆఫీసర్ ఫైలు తెచ్చి తెరిచాడు. జూలై పదిహేను మీటింగ్, అంశం తొమ్మిది. వచ్చిన అభ్యంతరాలు: ఒకటి. లాయరుది. నాలుగు పేజీలు, చేతిరాత, ప్రతి పేజీ కింద సంతకం.

మీది ఎక్కడుంది మేడమ్, కాపీ ఉంటే ఇవ్వండి, వెతికిస్తాను అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే పోయిందనుకున్నాడు, పాపం.

సెప్టెంబర్ 10
రెండు కవర్లూ చింపి చూశాను. అంశం తొమ్మిది మొదటి కవర్లోనే ఉంది, రెండో పేజీలో. ఉత్త మూడు లైన్లు.

ఇన్నాళ్ళూ ఈ డైరీ నిండా వాళ్ళను తిట్టాను. వాళ్ళు కనీసం మీటింగ్‌కు వెళ్ళారు. సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్ 11
లాయరుకు నేనే ఫోన్ చేశాను. రెండో సంతకం కోసమే ఆ రోజు నాకు చేశాడట. బిజీగా ఉన్నారేమో అనుకున్నాను మేడమ్ అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. సిలబస్ మళ్ళీ మార్చేది ఏడేళ్ళకట. అప్పటికి అక్క కూతురి చదువే అయిపోతుంది.

సెప్టెంబర్ 13
అక్క కూతురికి చెప్పేశాను. కవర్ల సంగతి, ఫోన్ సంగతి, అన్నీ.

"ఆ కవర్లు నాకిచ్చినా ఎవరిచేతైనా చదివించుకునేదాన్ని కదా పిన్నీ."