తొమ్మిది వేసిన మనిషి

పోలికల విభాగం అధికారిణి గారికి,

నమస్కారములు. నా రాత తెలుగు పేలవమైనది. పగలు ఉద్యోగం చేసి, రాత్రి కళాశాలలో నేర్చిన భాష గనుక తప్పులుంటే మన్నించగలరు.

పదకొండు దేశాల్లో ఒకేసారి అడుగుతున్న ఆ ప్రశ్నను, అనగా "మీ జీవితం మీకెంత తృప్తిగా ఉంది, సున్నా నుంచి పది లోపల చెప్పండి" అన్నదానిని, నాకు అప్పగించిన వీధిలో రెండువందల పన్నెండు ఇళ్లలో అడిగాను. అందరూ ఐదు అన్నారు. ఫారాలు జతపరిచాను.

భవదీయుడు,
సర్వే గుమాస్తా (పట్టభద్రుడు)

తా.క. నలభైయవ ఇంటావిడ భర్త పోయి నెల కాలేదు. "అయినా ఐదేనా అమ్మా?" అన్నాను. "అవును బాబూ, ఆయనున్నప్పుడు నాలుగుండేది" అన్నారు.

*

గుమాస్తా గారికి,

నమస్తే. మీమీద నాకు అనుమానం లేదు కానీ పైవాళ్లకు ఉంది. ఇంట్లో కూర్చుని రెండువందల పన్నెండు ఐదులు మీరే చుట్టేశారంటున్నారు. అదే ఖాయమైతే ఫారాలు చెత్తబుట్టకి, మీరు ఇంటికి.

ఒక దారుంది. అందరి కొలబద్దా ఒకటి కాదు కదా! ఒకచోటి ఐదు ఇంకోచోట ఎనిమిది కావచ్చు. అందుకని ఒక కల్పిత మనిషి గురించి నాలుగు ముక్కలు చదివి వినిపించి, "ఇతనికి ఎంత వేస్తారు?" అని అన్ని దేశాల్లోనూ అడుగుతాం. అప్పుడు ఎవరి కొలత ఏమిటో బయటపడుతుంది. ఇద్దరు కావాలి: నిండు తృప్తితో ఉన్నవాడొకడు, అదేమిటో ఎరగనివాడొకడు. మీరే రాయండి.

ఇట్లు,
అధికారిణి

తా.క. ఏ ఊళ్లోనైనా ఉండదగ్గ మనిషై ఉండాలి. మరీ గొప్పగా రాయకండి.

*

అధికారిణి గారికి,

నమస్కారములు. ప్రస్తుతానికి ఒకరిని పంపుచున్నాను. ఇద్దరిలో ఇతడెవరో విడిగా చెప్పనవసరం లేదని నా నమ్మకం.

"ఇతనికి నలభై ఎనిమిదేళ్లు. అక్కగారి మేడమీద ఒక గదిలో ఉంటాడు. గదికి కిటికీ ఉంది. పదకొండేళ్లు రాత్రి తరగతులకు వెళ్లి పట్టా సాధించాడు. దానికి అద్దం కట్టించి, పడుకుంటే కనబడేలా గోడకు తగిలించాడు. మధ్యాహ్నం కార్యాలయం వెనక మెట్లమీద భోజనం చేస్తాడు. అక్కడికి ఎవరూ రారు. ఆదివారాలు చొక్కాలు మూడూ ఇస్త్రీ చేసుకుంటాడు. ఎవరితోనూ తగాదా లేదు. పుట్టినరోజున అక్క 'ఒరేయ్, ఇవాళ కిందికొచ్చి తినరా' అని పిలుస్తుంది. వెళతాడు."

భవదీయుడు,
సర్వే గుమాస్తా (పట్టభద్రుడు)

తా.క. గొప్పలు తగ్గించమన్నారు గనుక, పరీక్షలో అతనికి రెండవ శ్రేణి వచ్చిన సంగతి రాయలేదు.

*

గుమాస్తా గారికి,

అబ్బ, ఏం రాశారండీ! ఇతడెవరో చదవగానే తెలిసిపోయింది. మా విభాగంలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. పదకొండు దేశాల్లోనూ ఇతనికి ఒకటో రెండో వేశారు. ఇన్ని దేశాలు ఒక్కమాట మీద నిలబడటం మా విభాగం పుట్టాక ఇదే మొదలు.

నియమం ప్రకారం మీ వీధికి వేరే గుమాస్తాను పంపాం. వీధివాళ్లు మళ్లీ తమకి ఐదే వేసుకున్నారు, ఇతనికి ఒకటి వేశారు. అంటే ఆ ఐదులు నిజమైనవే, పైగా మంచి ఐదులే! మీ ఫారాలు చెల్లాయి. ఉద్యోగం నిలిచింది. నూట మూడో ఇంటావిడ అయితే "ఆ అక్కకి బుద్ధుండక్కర్లా? రోజూ పిలిస్తే ఏం పోయిందట!" అని మేం పంపిన గుమాస్తా మీద ఇంతెత్తున లేచిందట.

ఇట్లు,
అధికారిణి

తా.క. ఏడో దేశంలో ఎవరో ఒక్కరు మాత్రం ఇతనికి తొమ్మిది వేశారు. చెయ్యి జారి ఉంటుందని కొట్టేశాం. సరేగానీ, తృప్తిగా ఉన్నవాణ్ణి ఎప్పుడు పంపుతారు?

*

అధికారిణి గారికి,

నమస్కారములు. ఉద్యోగం నిలిపినందుకు కృతజ్ఞుడను. మీరడిగిన తృప్తిగలవానిని ఇదివరకే పంపాను. అతని వద్ద మార్చదగినదేదీ నాకు కనబడలేదు గనుక, వేరొకరిని రాయలేను.

నూట మూడవ ఇల్లు మా అక్కగారిది. నిన్న మెట్లు దిగుతూ ఆ కథలోని మనిషి సంగతి కదిపాను. "ఎవడోగానీ పాపంరా, అలాంటి బతుకు పగవాడికి కూడా వద్దు" అన్నది. నేను తలూపి, పైకి వచ్చేశాను. గదిలో ఒక ఖాళీ ఫారం మిగిలి ఉంది. ఇంతకుముందైతే ఆలోచించకుండా నింపేవాడిని.

ఒక్క విన్నపం. ఏడవ దేశపు తొమ్మిదిని కొట్టివేయకండి. చెయ్యి జారలేదు.

భవదీయుడు,
సర్వే గుమాస్తా

తా.క. మీరు చదివాక ఈ ఉత్తరం అనువాదకులకు ఇవ్వండి. వారు చదివాక, తొమ్మిది వేసిన ఆ మనిషికి పంపండి. చిరునామా గోప్యమని తెలుసు, నాకు చెప్పవద్దు. మా అక్కకు చూపవద్దు. ఆ మనిషి చదివిన తరువాత ఇంకెవరూ చదవనక్కరలేదు.