లెక్కలోకి రానివాళ్ళు

చింతామణి,
12 జనవరి 2008

ప్రియమైన తమ్ముడు అమరేష్‌కు,

ప్రియమైన అని అలవాటుకొద్దీ రాశాను. కొట్టేయడానికి చెయ్యి రాలేదు, అంతే.

నిన్న చిక్కబళ్ళాపురంలో లేబర్ ఆఫీసర్ ముందు రంజిత ఫిర్యాదు విచారణకొచ్చింది. జంగమకోటెలో తిమ్మరాయప్ప రీలింగ్ యూనిట్‌లో ఏళ్ళ తరబడి ఉడుకునీళ్ళలో చేతులు పెట్టి గూళ్ళ నుంచి పట్టు తీసిన పిల్ల. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే గొంతులో పిల్లికూతలు. పనికి రావు పొమ్మన్నాడు. ఈ ఉబ్బసం పనివల్లే వచ్చిందని తేలితే ఆమెకు వేరే పనివ్వాలి, ఆ ఆవిరి బయటికి పోయే ఏర్పాటు చెయ్యాలి. మేమడిగేది అంతకంటే ఏమీ లేదు.

అతని వకీలు లేచి ఒక ఇంగ్లీషు వ్యాసం తీశాడు. రీలింగ్ కార్మికుల్లో ఉబ్బసం మామూలు జనంలో కంటే ఎక్కువేమీ లేదట. "రాసింది పరదేశస్థుడు కాదు స్వామీ, మన జిల్లా బిడ్డే, డాక్టర్ అమరేష్!" అన్నాడు. కార్మికుల యూనియన్ తరఫున నిలబడ్డ నేను ఆ డాక్టర్ అక్కను. తిమ్మరాయప్ప నవ్వు నువ్వు చూసుండాల్సింది.

ఆ వ్యాసం కోసం నువ్వు చేసిన సర్వే నాకు గుర్తుంది. ఉడుకునీళ్ళ బేసిన్ల ముందు కూర్చున్నవాళ్ళ చేతనే ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించావు. ఊపిరాడనివాళ్ళు ఆ సరికే పని మానేసి బట్లహళ్ళిలోనో ఇంకెక్కడో ఇళ్ళల్లో పడున్నారు. వాళ్ళ గడప తొక్కావా? జబ్బుపడ్డవాళ్ళంతా వెళ్ళిపోయిన చోట జబ్బు లేదని కనిపెట్టడం ఏం శాస్త్రమయ్యా?

ఈ లోపం ఒప్పుకుంటూ పత్రికకు సవరణ రాయి. విచారణ ముగిసేలోపు రాయి.

నీ అక్క,
వనజ

బెంగళూరు,
3 ఫిబ్రవరి 2008

ప్రియమైన అక్కకు,

నీ జాబు అందింది. బాగున్నావా అన్న ఒక్క ముక్క లేదు. నువ్వు తమ్ముడికి రాసినా కరపత్రమే రాస్తావు.

ఆ వ్యాసాన్ని ఇప్పటికి నూట పన్నెండు వ్యాసాల్లో ఉదహరించారు. దాన్ని ఉదహరించిన జపాన్ శాస్త్రవేత్తలకు కనబడని తప్పు చింతామణి కాలేజీలో బయాలజీ చెప్పే నీకు కనబడిందా? వచ్చే ఏడు నాకు ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ. కమిటీ చూసేది ఎన్ని వ్యాసాలు రాశాను, వాటిని ఎందరు ఉదహరించారు అనే. నా పేరు నిలబెట్టింది ఈ వ్యాసమే. దాన్ని నా చేత్తో నేనే నరుక్కోవాలా? పోస్టు రానీ, తర్వాత చూద్దాం.

రంజితను ఇక్కడికి పంపు. మంచి మందు ఇప్పిస్తాను. నీ మరదలు స్మిత నిన్ను అడిగానని రాయమంది.

నీ తమ్ముడు,
అమరేష్

చింతామణి,
20 ఫిబ్రవరి 2008

తమ్ముడూ,

నీ జాబు రంజితకు చదివి వినిపించాను. "మందు బెంగళూర్లో ఉండాది, సరే. పని యాడ ఉండాది వనజమ్మా?" అంది. జవాబుంటే రాయి.

నూట పన్నెండు అంటున్నావు. వాళ్ళలో ఒక్కడైనా జంగమకోటె బస్సెక్కాడా? ఒకడు రాసింది చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. దీన్ని మీరు విజ్ఞానం అంటారు. మా కాలేజీలో పరీక్షప్పుడు పిల్లలు ఇదే పని చేస్తే హాల్లోంచి బయటికి పంపిస్తాం.

పోస్టు వచ్చాక చూస్తావట! నీకు పోస్టు వచ్చేదాకా ఆ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టుకోవాలన్నమాట. నువ్వు రాయవు, తెలిసింది. నేను రాస్తాను. పని మానేసినవాళ్ళ ఇళ్ళకు ఛాతీ డాక్టర్ను వెంటబెట్టుకుని వెళ్తున్నాం. వ్యాసం వేసిన పత్రికకే పంపుతాను, తప్పు నీదని నీ పేరు ఎత్తి మరీ పంపుతాను.

స్మితకు ఆశీస్సులు. నీకు తర్వాత.

వనజ

బెంగళూరు,
8 జూలై 2009

ప్రియమైన అక్కకు,

నీ లేఖను పత్రిక అచ్చేసింది. "మిగిలినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టిన సర్వే" అన్నావు. బయట శత్రువైనా అంత శ్రద్ధగా రాయడు. కొన్నాళ్ళు క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.

ఇక విను. నీ పక్షాన కొందరు, నా పక్షాన కొందరు రాశారు. తిట్టినవాడైనా నా వ్యాసాన్ని ఉదహరించకుండా తిట్టలేడు కదా! నా అంకె పెరిగింది. కమిటీ ముందుకు అంకె వెళ్ళింది, తిట్లు వెళ్ళలేదు. "పెద్ద చర్చ లేవదీసిన పరిశోధన" అని ఒకాయన మెచ్చుకున్నాడు. నిన్నటి నుంచి నేను ప్రొఫెసర్ను. నీ లేఖ కూడా నా ఖాతాలోనే జమ అయింది. నువ్వు నాకు చేసిన ఉపకారం ఇదొక్కటే.

నీ తమ్ముడు,
ప్రొఫెసర్ అమరేష్

చింతామణి,
2 సెప్టెంబర్ 2009

ప్రొఫెసర్ గారికి,

అభినందనలు. మీ కమిటీ లెక్కపెట్టింది. చిక్కబళ్ళాపురంలో లేబర్ ఆఫీసర్ చదివాడు. నీ వ్యాసం, నా లేఖ పక్కపక్కన పెట్టుకుని, తెలియని మాటలు అడిగి తెలుసుకుంటూ చదివాడు. తిమ్మరాయప్ప వకీలు "వ్యాసం రాసినాయన ఇప్పుడు ప్రొఫెసర్ స్వామీ" అంటే, "అయితే రమ్మనప్పా, మానేసినోళ్ళను ఎందుకు చూడలేదో చెప్పిపోతాడు" అన్నాడు. వకీలు కూర్చున్నాడు.

మొన్న ఉత్తర్వు వచ్చింది. రంజితకు బేసిన్‌కు దూరంగా, పట్టుదారం కట్టలు కట్టే గదిలో పని. యూనిట్‌లో ఫ్యాన్లు, ఆవిరి గొట్టాలు. పని మానేసినవాళ్ళను కూడా కలుపుకుని తాలూకా అంతటా కొత్త సర్వే.

ఉత్తర్వు చదివాక ఆఫీసర్ మా వైపు తిరిగి, "సర్వేకు డాక్టర్ను మీరే చెప్పండమ్మా, మీకు నమ్మకమున్నోళ్ళను" అన్నాడు. సిగ్గులేనిదాన్ని, నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారైనా ఆ గడపలు తొక్కుతావని. పక్కనుంచి రంజిత నా కొంగు పట్టి లాగింది.

"మీ తమ్ముడొద్దు వనజమ్మా. ఆయప్ప కండ్లకు మేము ఆనము."

వేరే పేరు చెప్పాను.

వనజ